బడి మార్చాలా, నేర్పే పద్ధతి మార్చాలా? చదువు కష్టమైన పిల్లలకు సాయం ఎంచుకునే ముందు

పిల్లవాడు మూడో తరగతికో నాలుగో తరగతికో వచ్చేసరికి బడి నుంచి ఫిర్యాదులు మొదలవుతాయి. "చదవడం రావట్లేదండీ, ఇంట్లో కాస్త కూర్చోబెట్టండి" అంటారు. ఇంట్లో కూర్చోబెట్టడం అప్పటికే జరుగుతూ ఉంటుంది, రోజూ ఏడుపుల మధ్య. ఆ తర్వాత అమ్మానాన్నలు నలుగురినీ అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ స్కూల్లో వేస్తే బాగుపడతాడు?"

నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, పిల్లవాడు సరిగ్గా ఎక్కడ ఆగిపోయాడు? రెండోది, ఆ ఆగిన చోటు నుంచి పక్కన కూర్చుని నేర్పేవాళ్లు ఎవరు? ఈ రెండూ తేలకుండా బడి మార్చితే కొత్త యూనిఫాం, కొత్త డొనేషన్ తప్ప ఏమీ మారదు. కింద చెప్పిన దారులన్నిటినీ నేను కొలిచేది ఒకే కొలతతో: వారానికి ఎన్ని గంటలు, శిక్షణ ఉన్న మనిషి, ఒక్క పిల్లవాడితోనో ఇద్దరు ముగ్గురితోనో కూర్చుని, వాడి స్థాయి నుంచి నేర్పుతున్నారు?

ఫిర్యాదు ఒకటే, కారణాలు వేరు

ముందు కన్ను, చెవి చూపించండి. బోర్డు కనిపించని పిల్లవాడికి, మధ్య చెవిలో నీరు చేరి సగమే వినిపిస్తున్న పిల్లకు చదువు రాకపోవడంలో వింతేమీ లేదు. ఇది చవకైన పరీక్ష, చాలామంది వదిలేసేదీ ఇదే. అలాగే తెలుగు మీడియం నుంచి హఠాత్తుగా ఇంగ్లిష్ మీడియంలోకి మారినవాళ్లు, వలసల వల్ల బడికి సరిగా వెళ్లనివాళ్లు ఉంటారు. వాళ్లకు లోపమేమీ లేదు, పాఠం అందలేదంతే. కొన్ని నెలలు పట్టుగా నేర్పితే అందుకుంటారు.

అందుకోకపోతే అప్పుడు మూడు దారులు విడిపోతాయి. తెలివి మామూలుగా ఉండి, చదవడమో రాయడమో లెక్కలో మాత్రమే మొండికేస్తే అది నిర్దిష్ట అభ్యసన వైకల్యం కావచ్చు. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియా (వరుసగా ఈ మూడింటి పేర్లు) దీని కిందికే వస్తాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదొకటి. ఇక ఐక్యూ 70 లోపు ఉండి, రోజువారీ పనుల్లో కూడా వయసుకు తగ్గ నేర్పు రాకపోతే అది మేధో వైకల్యం. ఈ రెంటి మధ్యలో ఉంటారు స్లో లెర్నర్లు. ఎటూ చెందని పిల్లలు వీళ్లు. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో (2024 మార్చిలో వీటి స్థానంలో కొత్తవి వచ్చాయి) అభ్యసన వైకల్యం పరీక్షలు చేయడానికి ఐక్యూ 85 దాటి ఉండాలని ఉండేది. ఆ లెక్కన 75, 80 వచ్చిన పిల్లవాడికి అభ్యసన వైకల్య సర్టిఫికెట్ రాదు, మేధో వైకల్య సర్టిఫికెట్టూ రాదు. అవసరం మాత్రం అలాగే ఉంటుంది. ఇలాంటివాళ్లకు కింద చెప్పే ఓపెన్ స్కూల్ దారి బాగా పనికొస్తుంది.

తెలుగులో డిస్లెక్సియా ఇంగ్లిష్‌లో కనిపించినట్టు కనిపించదు. బీని డీగా చదవడం లాంటి గుర్తుల కోసం ఇంటర్నెట్‌లో వెతికి, మావాడికి అవి లేవులే అనుకుంటారు. మన లిపిలో అక్షరానికి దాదాపు ఒకే శబ్దం కాబట్టి కొందరు పిల్లలు తప్పుల్లేకుండానే చదువుతారు, కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివాడో గుర్తుండదు. టీచరుకేమో "చదువుతున్నాడు కదా" అనిపిస్తుంది. ఒత్తులు మింగేయడం, కొ-కో తేడా తెలియకపోవడం, ప-వ, మ-య కలగలిపేయడం, మొదటి అక్షరం చూసి మిగతా పదం ఊహించేయడం, ఇవి రెండో తరగతి దాటాక కూడా కొనసాగితే పట్టించుకోవాలి. "వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే" అని నానమ్మ అంటే దాన్ని ఊరటగా తీసుకోకండి. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి ఆ మాట ఇంకాస్త తొందరపడమని చెబుతున్నట్టు.

ఇంకొకటి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడమని కొన్ని బడులు సలహా ఇస్తాయి. రెండు భాషల వల్ల డిస్లెక్సియా రాదు, ఒకటి మానేస్తే పోదు. ఆ సలహా వల్ల జరిగేదల్లా పిల్లవాడు తాతయ్యతో మాట్లాడటం మానేయడమే.

అసెస్‌మెంట్: ప్రభుత్వమా, ప్రైవేటా?

ప్రభుత్వ దారిలో మొదటి మెట్టు జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రం, అందరూ డీఈఐసీ అనేది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద 18 ఏళ్లలోపు పిల్లల్లో చూసే 30 రకాల సమస్యల్లో చదువు ఇబ్బందులు, కుదురూ ఏకాగ్రతా నిలవనివ్వని ఏడీహెచ్‌డీ కూడా ఉన్నాయి. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి చెప్పినా అక్కడికి రాసి పంపుతారు. పెద్ద కేంద్రాల్లో హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ ఉన్నాయి. ఈ చివరిది 1984లో మొదలైంది, ఇప్పటికీ పాత పేరు నిమ్హ్ అంటేనే ఆటోవాళ్లకు తెలుస్తుంది, కొత్త పేరు నీపిడ్. దాని ప్రధానమైన పని మేధో వైకల్యం మీద. పిల్లవాడి సమస్య అదేమోనన్న అనుమానం ఉంటే నేరుగా అక్కడికే వెళ్లడం మంచిది.

ఖర్చు నామమాత్రం, సర్టిఫికెట్‌కు చెల్లుబాటు ఉంటుంది, ఇవి ప్రభుత్వ దారి బలాలు. లోటు కూడా తెలిసిందే: తిరగాలి, వేచి ఉండాలి, హడావిడిలో చేసిన పరీక్షకు ఒక్క పేజీ కాగితం చేతికొస్తుంది. అందులో వైకల్యం ఉందో లేదో ఉంటుంది, రేపటి నుంచి ఏం నేర్పాలో ఉండదు.

ప్రైవేట్‌లో క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కొన్ని వేలు అవుతుంది. దానికి తగ్గట్టు రెండు మూడు సిట్టింగులు చేసి, చదవడంలో ఏ తరగతి స్థాయిలో ఉన్నాడు, స్పెల్లింగులో ఎక్కడ, లెక్కల్లో ఎక్కడ, జ్ఞాపకం ఎలా ఉంది అని విడివిడిగా రాసిన రిపోర్టు రావాలి. రాకపోతే అడగండి, డబ్బు దానికే ఇస్తున్నారు. తెలుగు మీడియం పిల్లవాడి చేత ఇంగ్లిష్ పేరాలు మాత్రమే చదివించి తేల్చేసే అసెస్‌మెంట్‌ను నేను నమ్మను. రెండు భాషల్లోనూ చదివించాలి, రాయించాలి. చేసే మనిషికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. 1992 చట్టం ప్రకారం ఆ నంబరు లేకుండా ఈ పని చేయడం నేరం. స్పెషల్ ఎడ్యుకేటర్లకూ అదే వర్తిస్తుంది.

నా సలహా ఏమిటంటే డబ్బుకు వెసులుబాటు ఉంటే నేర్పడం కోసం ప్రైవేట్ రిపోర్టు, హక్కుల కోసం ప్రభుత్వ సర్టిఫికెట్, రెండూ తీసుకోండి. లేకపోతే ప్రభుత్వ దారే చాలు. ఆ లోటును ఒక మంచి స్పెషల్ ఎడ్యుకేటర్ గంట కూర్చుని పూడ్చగలరు.

ఒక చిక్కు చెప్పాలి. 2018 మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్లు నిండాకే అభ్యసన వైకల్య సర్టిఫికెట్ ఇస్తారని, మళ్లీ 14 ఏళ్లకు, 18 ఏళ్లకు పరీక్షించాలని ఉంది. దాన్ని పట్టుకుని "ఇంకా ఎనిమిది రాలేదుగా, చూద్దాం" అనే డాక్టర్లు ఉన్నారు, బడులూ ఉన్నాయి. ఎనిమిదేళ్ల నిబంధన సర్టిఫికెట్‌కే. నేర్పడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఒకటో రెండో తరగతిలో అందిన సాయం ఐదో తరగతిలో అందిన సాయం కంటే చాలా తొందరగా పనిచేస్తుంది. ఎదురుచూడటమనేది కూడా ఒక ఎంపికే, ఇక్కడున్న అన్నిటిలోకీ చెడ్డది.

అమెరికాలో ఉన్నవాళ్లకు లెక్క వేరు. అక్కడ ప్రభుత్వ బడిని అసెస్‌మెంట్ చేయమని రాతపూర్వకంగా అడిగితే ఖర్చు లేకుండా చేస్తారు. తల్లిదండ్రుల సమ్మతి ఇచ్చాక ఫెడరల్ చట్టం పెట్టిన గడువు 60 రోజులు, కొన్ని రాష్ట్రాలకు సొంత గడువులున్నాయి. టీచరుతో నోటిమాటగా చెప్పి ఏడాదంతా వేచి చూసే మనవాళ్లు ఉంటారు, ఈమెయిల్ రాయండి. ఇండియాకు తిరిగొస్తే అక్కడి ఐఈపీ (ఆ ఒక్క పిల్లవాడి కోసం బడి రాసిచ్చే బోధనా ప్రణాళిక) ఇక్కడ సర్టిఫికెట్‌గా చెల్లదు. కొత్త టీచరుకు మాత్రం దానికి మించిన పరిచయ పత్రం దొరకదు, పారేయకండి.

నేర్పేది ఎవరు?

ఈ భాగం మీద ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేదీ, పిల్లవాడు నిజంగా మారేదీ ఇక్కడే.

*మామూలు ట్యూషన్.* అందరూ మొదట పట్టేది ఇదే. ట్యూషన్ మాస్టారు చేయించేది ఆ రోజు హోంవర్క్. నాలుగో తరగతి పాఠాన్ని ఇంకోసారి చెబుతారు, పిల్లవాడి చదువు ఒకటో తరగతి గుణింతాల దగ్గరే ఆగి ఉంటుంది. పునాది కుంగిన గోడకు సున్నం వేసినట్టుంటుంది. రోజూ రెండు గంటల ట్యూషన్ ఉన్నా రెండేళ్లలో ఏ మార్పూ రాలేదంటే కారణం మాస్టారి బద్ధకం కాదు, ఆయన పని అది కాకపోవడం. రాని పదాన్ని యాభై సార్లు రాయించడం దీనికి తోడయితే ఇక చెప్పక్కర్లేదు.

*స్పెషల్ ఎడ్యుకేటర్.* వెనక్కి వెళ్లి, తెగిన చోటు పట్టుకుని, అక్కడి నుంచి కడతారు. ఈ పద్ధతికి మూలం 1930లలో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే నరాల వైద్యుడు, ఆనా గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయురాలు రూపొందించిన విధానం. శబ్దం వినడం, నోటితో పలకడం, వేలితో దిద్దడం, కంటితో చూడడం, అన్నీ ఒకేసారి, చిన్న చిన్న మోతాదుల్లో, ఒకటి గట్టిపడ్డాకే ఇంకొకటి. తెలుగులో ఇది ఎలా ఉంటుందంటే, ముందు ఓ పది అక్షరాలు, వాటితోనే పదాలు. తర్వాత ఒక్క దీర్ఘం గుర్తు, దాంతో పదాలు. తర్వాత ఇంకో గుర్తు. ఒత్తులు చాలా తర్వాత, అందులోనూ ముందు అమ్మ, అక్క లాంటి ద్విత్వాలు. మొత్తం గుణింతం ఒక్కసారి నోటికి పట్టించడానికి ఇది పూర్తిగా ఎదురు దారి. చూసేవాళ్లకు నెమ్మదిగా అనిపిస్తుంది. "నెలకు పది అక్షరాలకే ఇంత ఫీజా?" అని మానిపించిన ఇళ్లు ఉన్నాయి.

వారానికి ఒక్క క్లాసు వల్ల ఫలితం ఉండదు. కనీసం మూడు ఉండాలి, ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు అదే పని చేయించాలి. ఒక్కో సెషన్ 600 అనుకుంటే నెలకు పన్నెండు సెషన్లకు 7,200 రూపాయలు. ఇది ఏడాదిన్నర, రెండేళ్లు సాగే ఖర్చు. కాబట్టి పేరున్న సెంటర్లో వారానికి ఒక్కటి కంటే, మీ కాలనీలో ఇంటి దగ్గర చెప్పే, రిజిస్ట్రేషన్ ఉన్న టీచరు దగ్గర వారానికి మూడు మేలు.

*థెరపీ సెంటర్లు.* నగరాల్లో ఇప్పుడు వీధికొకటి. మంచివి ఉన్నాయి. కానీ వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ, బిహేవియర్ థెరపీ కలిపి ఒకే ప్యాకేజీ రాసేవాళ్లు ఎక్కువయ్యారు. పెన్సిల్ పట్టు సరిగా లేక, బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టమయ్యే పిల్లవాడికి ఆక్యుపేషనల్ థెరపిస్టు కావాలి. మాటలు ఆలస్యంగా వచ్చి, ఇప్పటికీ వాక్యం కూర్చలేని పిల్లకు స్పీచ్ థెరపిస్టు కావాలి. మాట బాగుండి, ఆట బాగుండి, చదవడం ఒక్కటే రాని పిల్లవాడికి కావలసింది చదవడం నేర్పేవాళ్లు. వాడిని వలలో ఊపి, బంతుల మీద దొర్లించి నెలకు ఇరవై వేలు తీసుకుంటుంటే, దీనికీ చదువుకూ సంబంధం ఏమిటని అడిగే హక్కు మీకుంది. ఏడాది ఫీజు ముందే కట్టమనే చోట చేర్చకండి. మొదటి రోజు స్థాయి ఎంతో కాగితం మీద రాసి, మూడు నెలల తర్వాత ఏం రావాలో కూడా రాసి ఇవ్వమనండి. ఇవ్వలేనివాళ్లు కొలవడం లేదన్నమాట.

*భవిత కేంద్రం.* ఫీజు లేని దారి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద రెండు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో నడుస్తాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులనే ఐఈఆర్పీలు, కొన్నిచోట్ల ఐఈఆర్టీలు అంటారు. ప్రధానంగా ప్రభుత్వ బడి పిల్లల కోసం. చిక్కల్లా మనుషులు చాలకపోవడం. మండలానికి ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లే బడులూ తిరగాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకూ వెళ్లాలి. ప్రాథమిక తరగతుల్లో పది మంది ప్రత్యేకావసరాల పిల్లలకు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిష్పత్తికి మనం చాలా దూరంలో ఉన్నాం. శారీరక వైకల్యం, మేధో వైకల్యం ఉన్న పిల్లల మధ్య, పైకి మామూలుగా కనిపించే డిస్లెక్సియా పిల్లవాడు వాళ్ల జాబితాలో చివరికి పోతాడు.

అయినా భవితను వదిలేయకండి. ఆ టీచరును రోజూ చెప్పమని అడిగే బదులు, పక్షానికోసారి మీకు చూపించమని అడగండి: ఈ రెండు వారాలు ఏ అక్షరాలు, ఎలా? ఇంట్లో చేయించేది మీరు. పల్లెల్లో ఇంతకంటే నడిచే పద్ధతి నాకు కనబడలేదు. బడి హెడ్మాస్టరుతో పేరు నమోదు చేయించడం మరవద్దు. టీచర్లు ప్రాథమికంగా గుర్తించడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్ ఉంది. మీ బడిలో వాడుతున్నారా అని అడిగితే విషయం కదులుతుంది.

*అమ్మ.* మన ఇళ్లలో ఈ పని ఎక్కువగా అమ్మ మీదే పడుతుంది. తను నేర్పగలదు, కానీ రోజంతా కాదు, వంట చేస్తూ కాదు, పక్కింటి పిల్లతో పోలుస్తూ కాదు. రోజుకు పదిహేను నిమిషాలు, ఒకే వేళ. తోడుగా ఫోన్‌లో ఉచితంగా దొరికేవి రెండు చెబుతాను. గూగుల్ రీడ్ అలాంగ్ యాప్‌లో తెలుగు ఉంది, పిల్లవాడు పైకి చదువుతుంటే విని దిద్దుతుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉన్నాయి, నాలుగో తరగతి పిల్లవాడికైనా మొదటి స్థాయి నుంచే మొదలుపెట్టండి. ఎవరు నేర్పినా పని జరుగుతోందో లేదో మీరే కొలవచ్చు: కింది తరగతి వాచకంలో ఒక పేరా, ఒక్క నిమిషం, సరిగా చదివిన పదాలు ఎన్ని? పదిహేను రోజులకోసారి క్యాలెండర్ మీద ఆ అంకె రాయండి. మూడు నెలలైనా అంకె కదలకపోతే పద్ధతో మనిషో మారాలి.

ఇప్పుడు బడి సంగతి

ఉన్న బడిలోనే ఉంచడం నా మొదటి ఓటు, రెండు షరతులతో: కొట్టకూడదు, అందరి ముందూ పైకి చదివించి నవ్వులపాలు చేయకూడదు. ఈ రెండింటికీ ఒప్పుకుని, నోటి జవాబుకు మార్కులిచ్చే క్లాసు టీచరు ఉంటే ఆ బడి ఏసీ బస్సులున్న బడి కంటే మెరుగు. స్నేహితులు, అలవాటైన దారి, ఆటలో ఉన్న పేరు, ఇవన్నీ అలాంటి పిల్లవాడికి పెట్టుబడి.

ప్రైవేట్ బడుల్లో ఇప్పుడు "ఇన్‌క్లూజివ్" అనే బోర్డు మామూలైంది. వెళ్లినప్పుడు అడగండి: స్పెషల్ ఎడ్యుకేటర్లు ఎంతమంది, ఎంతమంది పిల్లలకు, నా బిడ్డను ఏ పీరియడ్‌లో తీసుకెళ్తారు? ఆటల పీరియడ్‌లో అంటే వద్దు. పిల్లవాడికి వచ్చిన ఒకే ఒక్క పని అదే కావచ్చు.

స్పెషల్ స్కూలు మేధో వైకల్యం ఉన్న పిల్లలకు చాలాసార్లు సరైన చోటు. సొంత పనులు, డబ్బు లెక్క, వృత్తి నేర్పుతారు. కేవలం డిస్లెక్సియా ఉన్నవాడిని అందులో వేయకండి, వాడికి సైన్సు, సోషల్ బుర్రకెక్కుతాయి, అవి అక్కడ దొరకవు.

ఇక హాస్టల్. "స్ట్రిక్ట్ రెసిడెన్షియల్‌లో వేస్తే దారికొస్తాడు" అని బాబాయో మామయ్యో తప్పక అంటారు. ఉదయం ఐదున్నరకు స్టడీ అవర్, వారం వారం పరీక్ష, మార్కుల వారీగా సెక్షన్లు. అక్షరం కూడబలుక్కునే పిల్లవాడు అక్కడ నేర్చుకునేది దాక్కోవడం. పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి, పెద్ద తరగతుల్లో చచ్చిపోతానన్న మాట, వీటిలో ఏది వినిపించినా చదువు పక్కన పెట్టి ముందు మనసు సంగతి చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఏ బోర్డు? సర్టిఫికెట్ తీసుకోవాలా?

మన ఎస్సెస్సీలో తెలుగు, హిందీ, ఇంగ్లిష్, అంటే మూడు లిపులు. డిస్లెక్సియా పిల్లవాడికి అసలు బరువు ఇదే. 2016 చట్టంలోని 17వ సెక్షన్ అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లవాడు చెప్పింది రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాష నుంచి మినహాయింపు లాంటి మార్పులు చేయాలని చెబుతోంది. రాష్ట్ర బోర్డుల్లో వీటికి హెడ్మాస్టర్ ద్వారా దరఖాస్తు వెళ్తుంది. సీబీఎస్‌ఈ ఈ విషయంలో మరింత స్పష్టంగా ఉంది: మూడో భాష మినహాయింపు, రెండు భాషల బదులు ఒక్కటే చదివే వీలు, గణితానికి బదులు సంగీతం, పెయింటింగ్, హోమ్ సైన్స్ లాంటివి ఎంచుకునే వీలు. కానీ సీబీఎస్‌ఈ బడి ఫీజు, ఇంగ్లిష్ మీడియం బరువు కూడా తూకంలో వేయాలి. తొమ్మిదో తరగతిలో బోర్డు మార్చడం కంటే ఉన్న బోర్డులో మినహాయింపులు సాధించుకోవడం చాలామందికి సులువు.

జాతీయ ఓపెన్ స్కూల్, ఎన్‌ఐఓఎస్, 1989 నుంచి ఉంది. ఐదు సబ్జెక్టులు, అందులో భాష ఒక్కటి చాలు. ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు, ఒక్కో సబ్జెక్టు ఒక్కోసారి రాసుకోవచ్చు, పదో తరగతి తెలుగులో కూడా రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలదీ దాదాపు ఇదే పద్ధతి. సర్టిఫికెట్ లేని స్లో లెర్నర్లకు ఇదే పెద్ద దిక్కు, ఎందుకంటే ఈ సౌలభ్యం అందరికీ ఉంది. రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. బడికి వెళ్లే దినచర్య పోతుంది కాబట్టి దాని బదులు ఏదో ఒకటి, కంప్యూటర్ కోర్సో కుట్టుపనో, రోజువారీగా పెట్టాలి. లెక్కలు వదిలేస్తే పాలిటెక్నిక్ లాంటి దారులు మూసుకుపోతాయి, దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కు పదిలో గణితం ఉండాలి.

సర్టిఫికెట్ అనగానే "రేపు పెళ్లికి అడ్డం కాదా?" అంటారు. దాన్ని అవసరమైన చోట తప్ప ఎక్కడా చూపించక్కర్లేదు. చూపిస్తే వచ్చేవి: పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, స్క్రైబ్, వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతం రిజర్వేషన్, ప్రభుత్వోద్యోగాల్లోనూ ఒక వాటా. నలభై శాతం లోపు ఉన్నా, రాయడంలో ఇబ్బంది ఉంటే స్క్రైబ్ ఇవ్వడానికి 2022 ఆగస్టు నుంచి కేంద్ర మార్గదర్శకాలు ఉన్నాయి. నిరామయ ఆరోగ్య బీమా కూడా వస్తుందని కొందరు చెబుతారు, రాదు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే. మేధో వైకల్యం ఉన్న పిల్లలవాళ్లు మాత్రం దాన్ని తప్పక తీసుకోండి.

కాగితం ఉన్నంత మాత్రాన పని అయిపోదు. 2021లో నీట్ రాసిన అవనీ ప్రకాశ్ అనే విద్యార్థినికి డిస్‌గ్రాఫియా, 40 శాతం సర్టిఫికెట్ ఉంది. పరీక్షా కేంద్రంలో అదనపు గంట ఇవ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్తే తప్పు పరీక్ష పెట్టినవాళ్లదేనని తీర్పొచ్చింది, మళ్లీ పరీక్ష మాత్రం దొరకలేదు. అందుకే అనుమతి పత్రం ముందే చేతిలో పెట్టుకుని, ముందురోజే కేంద్రానికి వెళ్లి సూపరింటెండెంట్‌కు చూపించి రండి.

డబ్బు పెట్టకూడనివి

మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని కళ్లకు గంతలు కట్టి చదివించే శిబిరాలు మన ఊళ్లలో బాగా నడిచాయి. అది మోసం, ఇంకో మాట లేదు. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలతో డిస్లెక్సియా తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి. జ్ఞాపకశక్తి సిరప్‌లు, అబాకస్ కూడా ఈ పనికి కాదు. డిస్లెక్సియాకు మందు లేదు. ఏడీహెచ్‌డీ కూడా కలిసి ఉంటే డాక్టరు ఇచ్చే మందు వల్ల నిలకడ వస్తుంది, చదువు నేర్పే పని అలాగే మిగిలి ఉంటుంది.

మీ పరిస్థితిని బట్టి

పల్లెలో ప్రభుత్వ బడిలో రెండో మూడో తరగతి అయితే: ఆర్‌బీఎస్‌కే బృందం ద్వారా డీఈఐసీ, భవిత టీచరు దగ్గర పక్షానికో పాఠం, ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు. ఎనిమిది నిండాక వికలాంగుల గుర్తింపు కార్డుల యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసి సర్టిఫికెట్. బడి మార్చవద్దు.

పట్నంలో, నెలకు ఏడెనిమిది వేలు పెట్టగలిగితే: ట్యూషన్ పూర్తిగా ఆపి ఆ డబ్బు, ఆ సమయం రెండూ స్పెషల్ ఎడ్యుకేటర్‌కు ఇవ్వండి. రెండూ కలిపి నడిపితే పిల్లవాడు అలిసిపోతాడు, ఏది పనిచేస్తోందో మీకూ తెలియదు.

తొమ్మిదో తరగతిలో ఇప్పుడే బయటపడితే మొదటి పని సర్టిఫికెట్, ఎందుకంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లేలోపు అది హెడ్మాస్టరు చేతిలో ఉండాలి. రెండోది స్క్రైబ్‌తో సాధన. పిల్లవాడి జవాబు ఇంకొకరి చేత రాయించడం కూడా నేర్చుకోవలసిన విద్యే, క్వార్టర్లీ పరీక్షల నుంచే మొదలుపెట్టాలి. స్క్రైబ్ సాధారణంగా ఒక తరగతి తక్కువవాళ్లు ఉండాలి కాబట్టి, ఇప్పుడు ఎనిమిదిలో ఉన్న ఓపికైన పిల్లను ఒకరిని చూసి, వాళ్ల అమ్మానాన్నలతో ఈ వేసవిలోనే మాట్లాడి పెట్టుకోండి. అర్ధ సంవత్సర పరీక్షల నాటికి కూడా గాడిన పడకపోతే ఓపెన్ స్కూల్ అడ్మిషన్ తేదీలు కనుక్కోండి. పది ఫెయిలయ్యాక కంటే ముందే వెళ్లడం నయం. ఫెయిలయ్యాక వెళ్లినా, పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులు ఎన్‌ఐఓఎస్‌కు బదిలీ చేయించుకోవచ్చు.